మన చూపు ముందు ఎవరి మీద పడుతుంది?



ఈ నెల ఒక పొడుపు కథతో మొదలుపెడతాను. పామర్రు దగ్గర ఒక బైకుకి యాక్సిడెంట్ అయింది. బండి నడుపుతున్న తండ్రి అక్కడికక్కడే చనిపోయాడు. వెనక కూర్చున్న కొడుకుని అంబులెన్సులో బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెంటనే ఆపరేషన్ చేయాలి. పెద్ద డాక్టర్ గారు గబగబా లోపలికి వచ్చారు, పిల్లవాడి ముఖం చూసి ఆగిపోయారు. "ఈ ఆపరేషన్ నేను చేయలేను. వీడు నా కొడుకు" అన్నారు. ఆ డాక్టర్ గారు ఎవరు?

ఊరి పేర్లు నేను పెట్టినవి కానీ కథ పాతదే. జవాబు ముందే తెలిసినవాళ్లు పక్కవాళ్లకి చెప్పకండి.

మొన్న ఏడో తరగతిలో ఈ కథ చెప్పాను. "పెంచుకున్న నాన్న, టీచర్" అని ఒకరు, "చనిపోయినాయన అసలు నాన్న కాదేమో" అని ఇంకొకరు, "డాక్టర్ గారికి కళ్లజోడు మారిపోయింది" అని ఒక చివరి బెంచీ మేధావి. చాలాసేపటికి గానీ "వాళ్లమ్మ!" అన్న మాట రాలేదు. ఆ క్లాసులో లేడీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడూ వెళ్లని పిల్లలు ఎవరైనా ఉంటారా? నాకు నమ్మకం లేదు. వాళ్లని అనడమెందుకు, బీఈడీ చదివేటప్పుడు ఈ కథ మొదటిసారి విని నేను చెప్పిన జవాబు "మేనమామ".

ఇక్కడ మన తెలుగు ఒక చిత్రం చేస్తుంది. ఇంగ్లీషులో ఈ కథ చెప్పేటప్పుడు 'హీ', 'షీ' అన్న మాటలు నోట్లోంచి జారకుండా జాగ్రత్త పడాలి. తెలుగులో ఆ బెంగ లేదు. "డాక్టర్ గారు వచ్చారు, అన్నారు" అంటే ఆయనా కావచ్చు, ఆవిడా కావచ్చు. భాష ఆ చోటు ఖాళీగానే వదిలింది. ఆ ఖాళీలో మగ డాక్టర్‌ని తెచ్చి కూర్చోబెట్టింది మన మనసు, అదీ మనల్ని అడక్కుండా.

మనకు తెలియకుండా మనసు ఇలా ఒక వైపుకి ఒరగడాన్ని సైకాలజీలో ఇంప్లిసిట్ బయాస్ అంటారు. నేను దీన్ని లోపలి మొగ్గు అంటాను. పక్షపాతం అంటే కావాలని చేసేది అనిపిస్తుంది, ఇది అలాంటిది కాదు. ఆడపిల్లలు డాక్టర్లు కాకూడదని ఆ క్లాసులో ఎవరూ అనుకోలేదు. సగం మంది ఆడపిల్లలకి డాక్టర్ కావాలనే ఉంది కూడా.

ఈ విషయం మీద ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధన చేసినవాళ్లలో ఒకరు మన సికింద్రాబాద్ నుంచి వెళ్లినావిడ. పేరు మహ్జరీన్ బనాజీ. పార్సీ కుటుంబంలో 1956లో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ, ఉస్మానియాలో సైకాలజీ ఎం.ఏ. చదివారు. అప్పట్లో ఒకసారి ఢిల్లీ నుంచి రైల్లో ఇంటికి వస్తూ, దారిలో ఒక పెద్ద స్టేషన్‌లో దిగి, సోషల్ సైకాలజీ మీద అయిదు సంపుటాల లావుపాటి పుస్తకం కొన్నారు. ఒక్కో సంపుటం డాలరుకి సమానమైన ధరకే దొరికిందట. ఇల్లు చేరేసరికి ఒక సంపుటం నమిలేశారు, జీవితంలో ఏం చేయాలో తేలిపోయింది. తర్వాత అమెరికా వెళ్లి 1986లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. యేల్‌లో పాఠాలు చెప్పి, ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్. రైలు దిగినప్పుడు సమోసాల కోసం కాక పుస్తకాల కోసం పరిగెత్తే పిల్లలు మన ఇళ్లలోనూ ఉంటారు, ఒక్కోసారి మనమే "బండి కదిలిపోతుంది, రా" అని లాక్కొచ్చేస్తాం.

బనాజీ, ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ కలిసి 1995లో ప్రచురించిన ఒక ప్రయోగం చెప్తాను, చాలా సాదాగా ఉంటుంది. కొంతమందికి పేర్ల జాబితా ఇచ్చి చదవమన్నారు. అందులో ప్రసిద్ధుల పేర్లున్నాయి, ఎవరికీ తెలియని మామూలు పేర్లూ ఉన్నాయి. తర్వాత ఇంకో రోజు, ఆ పేర్లలో కొత్తవి కలిపి, "వీళ్లలో ప్రసిద్ధులెవరు?" అని అడిగారు. మామూలు పేరే అయినా మొన్న ఒకసారి చదివి ఉండటం వల్ల ఎక్కడో విన్నట్టుంటుంది. ఎక్కడ విన్నామో గుర్తుండదు కాబట్టి "గొప్పవాడే అయి ఉంటాడు" అనుకుంటాం. అందరూ చేసే పొరపాటే. అయితే ఆ పొరపాటు మగ పేర్ల విషయంలో ఎక్కువగా జరిగింది. అంతే తెలిసినట్టున్న ఆడ పేరుకి "ప్రసిద్ధురాలు" అన్న ముద్ర అంత తేలిగ్గా పడలేదు. అనుమానం ఒక్కటే, అనుమానం వల్ల దక్కిన లాభం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

ఈ మొగ్గుని కొలవడం ఎలా? అది తెలియాలంటే ఇంట్లో ఒక ఆట ఆడి చూడండి. పేకముక్కలు ఉన్నాయా అని టీచరమ్మ అడగడం బాగోదు కానీ, మన వైపు పెళ్లిళ్లలో అవి ఎక్కడ దొరుకుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 52 ముక్కలూ బాగా కలపండి. మొదటిసారి ఆఠీను, డైమను ఎడమ పక్కకి, ఇస్పేటు, కళావరు కుడి పక్కకి వేస్తూ వెళ్లండి. ఫోన్‌లో టైం చూసుకోండి. మళ్లీ కలిపి, ఈసారి ఆఠీను, ఇస్పేటు ఎడమకి, డైమను, కళావరు కుడికి వేయండి. రెండోసారి చెయ్యి తడబడుతుంది, టైం పెరుగుతుంది. మొదటిసారి ఎరుపు ఒక పక్క, నలుపు ఒక పక్క, మనసులో అవి ముందే జతపడి ఉన్నాయి. రెండోసారి ఆ జతని విడగొట్టి కొత్త జత కట్టాల్సి వచ్చింది, దానికి సమయం పట్టింది.

గ్రీన్‌వాల్డ్, మరో ఇద్దరితో కలిసి 1998లో ప్రచురించిన పరీక్ష లోపల సూత్రం ఇదే. కంప్యూటర్ మీద ముక్కలకి బదులు మాటలు వస్తాయి. ఉదాహరణకి మగ పేర్లు, ఉద్యోగానికి సంబంధించిన మాటలు వస్తే ఒక మీట, ఆడ పేర్లు, ఇంటికి సంబంధించిన మాటలు వస్తే ఇంకో మీట నొక్కాలి. తర్వాత జతలు తారుమారు చేస్తారు. ఆడ పేర్లు, ఉద్యోగం మాటలు ఒక మీటకి వచ్చినప్పుడు ఎక్కువ ఆలస్యమైతే, ఆ రెండూ మనసులో అంత దగ్గరగా లేవన్న మాట. అమెరికా వెళ్లి, పరిశోధన చేసి, పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన బనాజీకి కూడా ఈ పరీక్షలో ఫలితం అటే మొగ్గింది. ఆ సంగతి ఆవిడే బయటికి చెప్పారు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష మీద విమర్శలు గట్టిగానే ఉన్నాయి. ఒకే మనిషికి ఈ వారం ఒక ఫలితం, వచ్చే వారం ఇంకొకటి రావచ్చు. స్కోరు చూసి ఆ మనిషి రేపు ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడం కష్టం. మనుషుల్ని ఎంచడానికో, తప్పు పట్టడానికో దీన్ని వాడకూడదని తయారుచేసినవాళ్లే అన్నారు. వేల మంది ఫలితాలు కలిపి చూస్తే సమాజం ఎటు ఒరిగి ఉందో తెలుస్తుంది, అంతవరకే. అందుకే స్కోరు సంగతి పక్కన పెట్టి, మనం చేసే పనుల్లో ఈ మొగ్గు ఎక్కడ బయటపడుతుందో చూడటం నాకు ఎక్కువ ఉపయోగంగా తోచింది.

ఇక్కడి నుంచి నా సొంత గొడవ.

మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ విద్యావేత్త 1960ల చివరి నుంచి చాలా క్లాసులు టేపుల మీద రికార్డు చేసి విన్నారు. టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారు? సగటున 1 సెకను. అంతలోనే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో. దాన్ని 3 సెకన్లు దాటిస్తే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు టీచర్"లు తగ్గాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలు నోరు విప్పారు. అసలు విషయం ఆ రికార్డుల్లో ఇంకోటి ఉంది. టీచర్లు బాగా చదువుతారని అనుకునే పిల్లల కోసం దాదాపు 2 సెకన్లు ఆగేవారు, చదవరనుకునే పిల్లల కోసం 1 సెకను కూడా ఆగేవారు కాదు. ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకే తక్కువ ఇస్తున్నాం.

ఇది చదివి, మనం అలా చేయంలే అనుకున్నాను. ఒక పీరియడంతా ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేసి రాత్రి విన్నాను. ముందు బెంచీలో ఎప్పుడూ చెయ్యెత్తే అబ్బాయి తడబడితే నా గొంతు "ఊఁ... చెప్పు, దగ్గరికొచ్చావు... ఇంకా?" అంటోంది. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ అమ్మాయి నోరు తెరిచిందో లేదో, నా గొంతే "సరే కూర్చో. ఎవరు చెప్తారు?" అంది. కోపంగా కూడా అనలేదు, చాలా ప్రేమగా అన్నాను. ఇబ్బంది పెట్టకూడదనే అలా అన్నానని నాకు తెలుసు. ఆ అమ్మాయికి మాత్రం ఏం వినపడి ఉంటుంది? 'నీకు రాదని నాకు తెలుసు' అనే కదా. ఏడాదికి ఎన్ని పీరియడ్లో, ఎన్ని "కూర్చో"లో లెక్క వేయడం మొదలుపెట్టి ఆపేశాను.

ఆ రికార్డింగ్‌లో నేను చేసిన తప్పు అని వేలు పెట్టి చూపించగల చోటు ఒక్కటీ లేదు. ఏ పేరెంట్ వచ్చి అడిగినా "అందర్నీ సమానంగానే చూస్తామండీ" అని మనస్ఫూర్తిగా చెప్పేదాన్ని. లోపలి మొగ్గు పని చేసేది ఈ సైజులోనే. ఎవరి మీద చూపు ఎంతసేపు నిలిచింది, ఎవరికి ఒక క్లూ ఎక్కువ అందింది, ఎవరి నోట్‌బుక్‌లో ఎర్ర పెన్ను రెండో పేజీ దాకా వెళ్లింది.

ఎర్ర పెన్ను అంటే గుర్తొచ్చింది. రెమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక పోటీ పరీక్ష పెట్టి, ఆ జవాబు పత్రాలని టీచర్లతో దిద్దించారు. అట్ట మీద పిల్లల వయసు, ఆడా మగా, కులం అన్నవి లాటరీ పద్ధతిలో వేశారు, అంటే పేపర్‌కీ ఆ వివరాలకీ సంబంధం లేదు. 2012లో వచ్చిన వాళ్ల ఫలితం ప్రకారం తక్కువ కులం అని రాసి ఉన్న పేపర్లకి కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే. నన్ను ఆపిన వివరం వేరే: ఆ తేడా కట్టలో ముందు దిద్దిన పేపర్లలో ఎక్కువ, దిద్దుతూ పోయేకొద్దీ తగ్గింది. ఏ జవాబుకి ఎంత వేయాలో ఇంకా కుదురుకోని సమయంలో కళ్లు అట్ట మీదికి వెళ్తాయి. చేతిలో ఆధారం తక్కువగా ఉన్నప్పుడే మొగ్గు ఆ లోటు పూడుస్తుంది, మన డాక్టర్ గారి కథలో లాగే.

మన పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లో పేపర్ దిద్దేవాళ్లకి పేరు కనపడదు కదా, అది ఎందుకో ఇప్పుడు చూడండి. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చునే మాస్టార్లు చెడ్డవాళ్లని కాదు. మంచితనం మీద ఆధారపడకుండా పని జరిగే ఏర్పాటు అది. నేను కూడా స్లిప్ టెస్టుల్లో పేరు పేపర్ వెనక రాయమంటున్నాను. నాకు సగం మంది చేతిరాత తెలుసు కాబట్టి ఇది పూర్తిగా పనిచేయదు, అయినా సగం తెలియదు కదా. ఒక్కో పిల్లవాడి పేపర్ మొత్తం కాకుండా, అందరివీ ఒకటో ప్రశ్న దిద్ది తర్వాత రెండో ప్రశ్నకి వెళ్తున్నాను. క్లాసులో పేర్ల చీటీలు ఒక స్టీలు గ్లాసులో వేసి, ఏది వస్తే వాళ్లని అడిగి, మనసులో అయిదు దాకా లెక్కపెడుతున్నాను. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా ఉంది. పిల్లలు "టీచర్ మర్చిపోయారు" అనుకున్నారు.

ఇక కూచిపూడి సంగతి. మన మొవ్వ మండలంలోదే కాబట్టి పరిచయం అక్కర్లేదు. "కూచిపూడి నాట్యం" అనగానే మీ మనసులో మొదట వచ్చిన బొమ్మ అమ్మాయిదా, అబ్బాయిదా? మా స్కూల్ డే కోసం డాన్స్ పేర్లు అడిగితే అబ్బాయిలు నవ్వుతారు, "అది గర్ల్స్‌ది టీచర్" అంటారు. వాళ్ల ముత్తాతల కాలంలో ఇదే ఊళ్లో అది పూర్తిగా మగవాళ్ల విద్య. సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవారు. ఆ వేషానికే పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలోనే పుట్టిన వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లి 1963లో అకాడమీ పెట్టి ఎంతోమంది అమ్మాయిలకి నేర్పారు. రెండు మూడు తరాల్లో బొమ్మ తిరగబడింది. ఆడవాళ్లు చేయరు అన్నంత గట్టిగా ఉన్న నమ్మకం, మగపిల్లలు చేయరు అన్న నమ్మకంగా మారింది. మన పిల్లలకి ఈ రెండోది అనాదిగా ఉన్నట్టే అనిపిస్తుంది.

కాబట్టి లోపలి మొగ్గు పుట్టుకతో వచ్చింది కాదు, రోజూ చూసినదాని నుంచి పోగుపడింది. మారుతుంది కూడా. టెస్సా చార్ల్స్‌వర్త్, బనాజీ 2019లో ప్రచురించిన పని దీని మీదే. 2007 నుంచి 2016 దాకా అమెరికాలో జరిగిన 44 లక్షల పరీక్షల ఫలితాలు చూశారు. జాతి, ఒంటి రంగు విషయాల్లో లోపలి మొగ్గు తగ్గుతూ వచ్చింది. ముసలితనం, వైకల్యం విషయాల్లో దాదాపు కదల్లేదు. అన్నీ ఒకే వేగంతో మారవు.

చూసేదాని ప్రభావం మన రాష్ట్రంలోనూ కనిపించింది. కార్తీక్ మురళీధరన్, కేతకీ సేఠ్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో అయిదేళ్ల మార్కులు పరిశీలించారు. టీచర్ ఆడవారైన ఏడాది ఆడపిల్లలు కొద్దిగా ఎక్కువ నేర్చుకున్నారు, మగపిల్లలకి నష్టమేమీ రాలేదు.

ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పే అర్హత నాకు లేదు. మీటింగ్ రోజు బల్లకి ఇవతల కూర్చుని చూసింది మాత్రం చెప్తాను. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మా దగ్గరే చదివే ఇళ్లు ఉన్నాయి. అబ్బాయి ప్రోగ్రెస్ కార్డ్ మీద లెక్కలు ఎందుకు తగ్గాయి, ట్యూషన్ పెట్టాలా, ఐఐటీ ఫౌండేషన్‌లో సీటు ఉందా అని చాలాసేపు మాట్లాడతారు. తర్వాత లేస్తూ, "దానిదేముందండీ, అదే చదువుకుంటుంది" అంటారు. అది మెచ్చుకోలే, నాకు తెలుసు. ఆ పాప తన కార్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటుంది. తన సోషల్ మార్కులు కూడా తగ్గాయి, ఎవరైనా అడుగుతారేమోనని. కొన్నిసార్లు తిరకాసుగా కూడా జరుగుతుంది: అమ్మాయి నెమ్మది కాబట్టి చదువుతుందని, అబ్బాయి అల్లరి కాబట్టి చదవడని ముందే తేల్చేసి, వాడు రాత్రి పదింటిదాకా రాసిన హోంవర్క్ ఎవరూ తెరిచి చూడరు.

యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని వెంట ఉండి గమనించింది. ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు స్కూల్లో ఉన్నవాళ్లు 2002లో 24 శాతం, 2009 నాటికి 44 శాతం. ఆ ప్రైవేటు సీట్లలో అబ్బాయిల వాటా ఎక్కువ. అది తెలిసి తీసుకున్న నిర్ణయం, దాని వెనక ఫీజు లెక్కలు, కౌలు లెక్కలు ఉంటాయి. దాన్ని లోపలి మొగ్గు అనేయడం నాకు న్యాయంగా అనిపించదు. అయితే ఇద్దర్నీ ఒకే స్కూలుకి పంపాక, ఒకే ఫీజు కట్టాక, సాయంత్రం ఎవరి బ్యాగు ముందు తెరుస్తాం అన్నది ఫీజు లెక్క కాదు.

అందుకని వచ్చే మీటింగ్‌కి మా క్లాసులో చిన్న మార్పు చేస్తున్నాను. ఇద్దరు పిల్లలున్న ఇంటివాళ్లకి చిన్నవాళ్ల కార్డు ముందు, పెద్దవాళ్లది తర్వాత, అబ్బాయా అమ్మాయా అన్నదానితో సంబంధం లేకుండా. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. గడియారం బల్ల మీదే ఉంటుంది, అది మీకోసం ఎంతో నాకోసం కూడా అంతే.

వెనక బెంచీ అమ్మాయి పేరు పోయిన వారం చీటీల్లో వచ్చింది. నేను నాలుగు దాకా లెక్కపెట్టాను. చెప్పిన జవాబు తప్పు. కానీ ఇంగ్లీషులో, మొదటి నుంచి చివరి దాకా, పూర్తి వాక్యం.

పేకముక్కల ఆట ఆడినవాళ్లు రెండుసార్లూ ఎన్ని సెకన్లు పట్టిందో పిల్లల డైరీలో రాసి పంపండి. పిల్లలవి, మీవి విడివిడిగా రాయండి. పెద్దాళ్ల కంటే పిల్లలు రెండోసారి తక్కువ తడబడతారా అన్నది నాకు చూడాలని ఉంది.